నంబరు చెప్పండి

“హలో, నేను కిరాణా కొట్టు శేషన్నను. మా బావకు లైనియ్యమ్మా.”

“నంబరు చెప్పండి.”

“మా బావ నంబరు నీకు తెలీదా? దినామూ కలుపుతావు గదా!”

“అది ముప్పై...” అనేసి నాలిక కరుచుకుంది పద్మాబాయి.

ఎదురుగా బల్ల మీద కూర్చుని శేషన్న గొంతు పెట్టిన రంగనాథ తల కొట్టుకున్నాడు. “మళ్ళీ తప్పినావక్కా! పేరు చెప్తే లైనియ్యగూడదు. నంబరు నువ్వు చెప్పగూడదు. పుస్తకం చూసి వాళ్ళే చెప్పల్ల. ఎన్నిసార్లు చెప్పేది నీకు?”

ఆదోనికీ ఎమ్మిగనూరుకూ నడుమ ఒక ఊళ్ళో, నలభై ఫోన్లున్న చిన్న ఎక్స్‌ఛేంజీ అది. డెబ్భై ఎనిమిదో సంవత్సరం. రంగనాథ అక్కడ పర్మనెంటు ఆపరేటరు. పద్మాబాయి ఆరేళ్ళుగా టెంపరరీ. పర్మనెంటు కావాలంటే పరీక్ష పాసవ్వాలి. ఆ పరీక్షకు కాగితం, కలం అక్కర్లేదు. ఇన్‌స్పెక్టరు హనుమంతరావు చెప్పిన వారంలో ఏదో ఒక రోజు, ఎవరిదో ఒకరి ఫోన్ నుంచి, మామూలు మనిషిలా కాల్ చేస్తాడు. నియమం తప్పితే ఫెయిల్. మూడుసార్లు ఫెయిలైతే ఇంటికే.

పద్మాబాయి ఇప్పటికి రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ ఆమెను ముంచింది జాలే. మొదటిసారి ఆయన చెవిటి ముసలమ్మ అయ్యాడు. రెండోసారి కొడుకు జాడ తెలియని తండ్రయి ఏడ్చాడు. ఆ ఏడుపు విని పద్మాబాయి తానూ ఏడ్చి, నంబరు వెతికి, లైను కలిపి, ధైర్యం చెప్పి మరీ ఫెయిలైంది.

ఇంటికే అంటే సొంత ఇల్లు కాదు. భర్త పోయాక చేరిన మరిది ఇల్లు. తోటికోడలు సరస్వతీబాయి అప్పుడే మంచిమాట చెప్పేసింది: “ఉద్యోగం పోతే పోనీలే అక్కా, వంటామెను మాన్పిస్తా.” ఆ వంటింటికి కిటికీ కూడా లేదు. తలుచుకుంటేనే పద్మాబాయికి ఊపిరాడదు.

“ఈసారి దేవుడే దిగొచ్చి అడిగినా నంబరు చెప్పమంటా” అంది.

“అట్లుండల్ల!” అన్నాడు రంగనాథ.

పరీక్ష వారం మొదలైంది. సోమవారం గడిచింది. మంగళవారం గడిచింది. ప్రతి కాల్‌కూ ఒకటే మాట, నంబరు చెప్పండి. తెలిసినవాళ్ళు కూడా ఆమె మాట తీరు చూసి, “ఏమైంది ఈయమ్మకు!” అని విసుక్కున్నారు.

బుధవారం మధ్యాహ్నం రంగనాథ భోజనానికి పోయాడు. ఎవరైనా ఫోన్ చేస్తే బోర్డు మీద వాళ్ళ నంబరు రేకు టక్కున కిందికి పడుతుంది. ఇప్పుడు పదిహేడో నంబరు రేకు పడింది. పదిహేడంటే ఊరవతల వేరుశెనగ మిల్లు. ఓనరు ఇంటిల్లిపాదితో కోడుమూరు పెళ్ళికి పోయాడు. మిల్లుకు తాళం. మరి ఫోన్ ఎవరు చేస్తున్నట్టు?

వచ్చేశాడు, అనుకుంది పద్మాబాయి.

“నంబరు చెప్పండి.”

“తల్లీ, నేను గిడ్డయ్యను. తుగ్గలి కాడినుంచి కూలికొచ్చినోణ్ణి. మిల్లెనక గుడిసెలో ఉండాం. మా కోడలికి రాత్రినుంచీ నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగిందంట. ఆదోని డాక్టరమ్మకు సెప్పు తల్లీ, జీపేసుకోని రమ్మను.”

పద్మాబాయి చెయ్యి తనంతట తానే ఆదోని లైను వైపు పోయింది. డాక్టరమ్మ నంబరు ఆమెకు నిద్రలో లేపి అడిగినా వస్తుంది. చెయ్యిని వెనక్కి లాక్కుని ఒళ్ళో పెట్టుకుంది.

“డాక్టరుగారి నంబరు చెప్పండి.”

“నాకేం తెల్సు తల్లీ! మిల్లు తాళమేసినారు. కిటికీ ఊచల్లో సెయ్యి పెట్టి ఫోను అందుకున్యా.”

పద్మాబాయికి నవ్వొచ్చింది. ఏం అల్లాడయ్యా కథ! చెవిటి ముసలమ్మ పాతబడింది, ఏడ్చే తండ్రి పాతబడ్డాడు, ఇప్పుడు కిటికీ ఊచలా!

“ఫోన్ పక్కన పుస్తకం ఉంటుంది. చూసి చెప్పండి.”

“సదువు రాదు తల్లీ, నీ కాళ్ళు మొక్కుతా!”

“చదువొచ్చినవాళ్ళతో చూపించుకోండి” అని లైను తీసేసింది.

పది నిమిషాలకు మళ్ళీ అదే రేకు. మళ్ళీ అదే మాట, ఈసారి వెక్కిళ్ళతో. మళ్ళీ నంబరు చెప్పమంది. ఎవరికో అన్యాయం చేస్తున్నట్టే ఉంది. ఇదంతా నటనే, నటనే, అని తనకు తాను చెప్పుకుంది.

మూడోసారి గిడ్డయ్య మాట్లాడలేదు, ఊరికే ఏడ్చాడు. వెనకాల దూరంగా ఓ ఆడమనిషి కేక వినిపించింది. ఈసారి తోడు కూడా తెచ్చుకున్నాడన్నమాట! పద్మాబాయి కళ్ళు గట్టిగా మూసుకుని, “నంబరు చెప్పండి” అంది. ఆ తర్వాత పదిహేడో రేకు పడలేదు.

రంగనాథ వచ్చి అంతా విని చప్పట్లు కొట్టాడు. “గెలిచినావు పోక్కా! మూడుసార్లు పిండినా కరగలేదంటే, ఇంకేం కావల్ల ఆయనకు?”

శనివారం హనుమంతరావు స్వయంగా వచ్చాడు. సంచిలోంచి కాగితం తీసి చేతికిచ్చాడు. పాస్. పద్మాబాయి రెండుసార్లు చదువుకుంది. కిటికీ లేని ఆ వంటిల్లు ఇక తనది కాదు. ఆరేళ్ళకు ఆ రోజు గుండెల నిండా గాలి పీల్చుకుంది.

మిల్లు సంగతి ఎత్తి, ఏం నటించినారు సార్, అని ఆయన్ను మెచ్చుకుందామని నోరు తెరిచింది. అంతలో ఆయనే అందుకున్నాడు.

“ఒక మాట చెప్తానమ్మా, ఎవరితోనూ అనొద్దు. నియమాలు వల్లించేవాళ్ళు నాకు దండిగా దొరుకుతారు. అవతలి మనిషి ఏడిస్తే తానూ ఏడ్చే ఆపరేటరును నిన్నొక్కదాన్నే చూసినా. నిన్ను రెండుసార్లు ఫెయిల్ చేసి చానా బాధపడినా.”

పద్మాబాయి కళ్ళు తుడుచుకుంది.

“అందుకే ఈసారి నేను ఫోనే చెయ్యలేదు.”