ఎప్పుడు పోయింది?

ముసలి లారీ షెడ్డులోకి వచ్చి ఆగీ ఆగకముందే డ్రైవరు కిందికి దూకాడు. గబగబా ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే పక్క షెడ్డులో కటింగ్ మిషను గీపెట్టింది.

ఏసీ మెకానిక్ చెవిన పడినవి నాలుగే ముక్కలు. మా ఆవిడ. ఆసుపత్రి. పన్నెండింటికల్లా. చల్లగా ఉండాలి.

ఆయనకు నాలుగు ముక్కలు చాలు. మిగతావి తనే మాట్లాడుకోగలడు. అందరూ ఆయన్ని గాలి మాస్టారంటారు. చేసేది గాలి పని, చెప్పేవి గాలి మాటలు.

“అర్థమైంది తమ్ముడూ. పన్నెండింటికి చెల్లెమ్మని ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకెళ్ళాలి. అంతేనా? దారెంత?”

“ఏడు గంటలు.”

“ఈ ఎండలో ఏడు గంటలా!”

“అందుకే అన్నా. వేడి అస్సలు తగలకూడదన్నారు ఆసుపత్రిలో. మీరు కూడా కాదంటే ఇంకెక్కడికి పోవాలో నాకు తెలీదు.”

గోడ మీద గడియారం తొమ్మిదిన్నర చూపిస్తోంది.

మెకానిక్ కేబిన్‌లోకి ఎక్కి స్విచ్చు వేశాడు. ఫ్యాను తిరిగింది. వేడి గాలి ముఖాన కొట్టింది. “వేసీ లాభం లేని ఏసీ!” అని తన జోకుకు తనే పడీ పడీ నవ్వాడు. డ్రైవరు నవ్వలేదు.

నవ్వనివాళ్ళు ఆయనకు కొత్త కాదు. సీటు పక్కకు తోసి, వెల్లకిలా పడుకుని, తలను డ్యాష్‌బోర్డు కిందికి దూర్చాడు. ఇక బయటికి కనిపించేవి కాళ్ళు, వినిపించేవి ప్రశ్నలు.

“ఎప్పుడు పోయింది?”

డ్రైవరు తలుపు దగ్గరికి వచ్చాడు. “నిన్న మధ్యాహ్నం. రెండింటికి.”

“ఒక్కసారిగా పోయిందా, మెల్లమెల్లగానా?”

“మెల్లమెల్లగానే. పది రోజులు. మధ్యలో ఒకరోజు మామూలుగా అయిపోయింది. ఇక ఫర్వాలేదనుకున్నాం.”

“చివర్లో అలాగే ఆశపెడుతుందిలే. పోయేముందు చప్పుడేమైనా చేసిందా?”

“గుర్రుమని… రెండుసార్లు. అంతే.”

“చల్లదనం ఎక్కడుండేది? పైనా, కిందా?”

“కింద. పాదాల దగ్గర మంచుముక్కే. పైన మాత్రం సెగ.”

“అద్గదీ, అలా చెప్పు!”

కాళ్ళ దగ్గర చల్లగా, పైన వేడిగా వస్తోందంటే గాలిని పైకీ కిందికీ మళ్ళించే రేకు ఇరుక్కుందన్నమాట. మెకానిక్ ప్యానెల్ ఊడదీశాడు. మీట జరిపాడు. దాని వెనకున్న కేబులు లాగి చూశాడు. రేకు తెరుచుకుంది, మూసుకుంది. మళ్ళీ తెరుచుకుంది. బంగారంలా ఉంది.

గంట గడిచింది.

“నాకంటే ముందు ఎవరైనా చెయ్యి పెట్టారా?”

“ముగ్గురు చూశారు. తెరిచి చూస్తేగానీ చెప్పలేమన్నాడు పెద్దాయన. తెరవకముందే…”

“వాళ్ళ మొహం! మొదటే నా దగ్గరికి తెచ్చి ఉంటే పోనిచ్చేవాణ్ణి కాదు.”

డ్రైవరు ఆ రెండు కాళ్ళకేసి చూస్తూ ఉండిపోయాడు. చేతులు జోడించబోయి మానుకున్నాడు.

“నీ దగ్గరికి వచ్చి ఎన్నేళ్ళయింది?”

“ఇరవై రెండు.”

“ఇరవై రెండేళ్ళా! ఈ కాలంలో అంత పాతదాన్ని ఎవరుంచుకుంటారయ్యా? ఎప్పుడో వదిలించుకుని కొత్తదాన్ని తెచ్చుకోవాల్సింది.”

“అలా అనకండన్నా.” డ్రైవరు తల అడ్డంగా ఊపాడు. “ఒక్కరోజు కూడా నన్ను నడిదారిలో వదిలెయ్యలేదు. నిన్నటిదాకా.”

బండి మీద ఇంత ప్రేమా అని డ్యాష్‌బోర్డు కింద మెకానిక్ ఆశ్చర్యపోయాడు.

ఇక లక్షణాల్ని పక్కనపెట్టి వైర్లతో వైరానికి దిగాడు. టెస్టు బల్బు పట్టుకుని కరెంటు వెంట నడిచాడు. ఫ్యూజులో ఉంది. స్విచ్చు దాకా ఉంది. స్విచ్చు దాటితే లేదు. వెనక ప్లగ్గు పీకితే లోపలంతా చిలుము. పచ్చగా, పొడిపొడిగా రాలింది. అక్కణ్ణుంచి కంప్రెసర్‌కి వెళ్ళే వైరు మ్యాటు కింద మూడు చోట్ల కొరికి ఉంది.

“తమ్ముడూ, నాకంటే ముందు ఓ ఎలుక్ట్రీషియన్ పనిచేసి వెళ్ళాడు!”

డ్రైవరు గడియారం వంక చూశాడు. పదకొండు దాటింది.

మెకానిక్ జోకులు ఆపి చేతులు ఆడించాడు. ప్లగ్గు మార్చాడు. కొత్త వైరు లాగి, జాయింట్లకు టేపు చుట్టాడు. పదకొండూ నలభైకి ఇంజను స్టార్ట్ చేసి స్విచ్చు వేస్తే కంప్రెసర్ టక్కుమని అందుకుంది. అదృష్టం, గ్యాసు మిగిలే ఉంది. రెండు నిమిషాల్లో కేబిన్ చల్లబడింది.

డ్రైవరు సీట్లో కూర్చుని గాలికి అరచెయ్యి అడ్డం పెట్టాడు. చాలాసేపు అలాగే ఉంచాడు.

“సరిపోతుంది,” అన్నాడు మెల్లగా. “ఇంటిదాకా సరిపోతుంది.”

“సరిపోవడమేంటి, చెల్లెమ్మకి దుప్పటి కావాల్సి వస్తుంది చూడు!”

“కొత్తది కొన్నానన్నా.”

ఆ మాట అంటూనే తల స్టీరింగుకు ఆనించి, భుజాలు అదిరేలా ఏడ్చాడు.

మెకానిక్‌కి ఏం చెయ్యాలో తోచలేదు. ఏసీ చెడితే ఏడ్చినవాళ్ళున్నారు గానీ, బాగయితే ఏడ్చినవాణ్ణి ఆయన చూడలేదు. తోచనప్పుడు ఆయన చేసే పని ఒక్కటే, దబాయించడం.

“ఏడుపు తర్వాత. ముందు నాకిది చెప్పు. ఆ చిలుము నాలుగేళ్ళ నాటిది. నువ్వేమో నిన్న రెండింటికి పోయిందన్నావు. ఆ అబద్ధంతో నా గంట తినేశావు కదయ్యా!”

డ్రైవరు తలెత్తాడు. ఆయన ఏం అడుగుతున్నాడో అర్థం కానట్టు కాసేపు చూశాడు.

“ఏసీ పోయి నాలుగేళ్ళయిందన్నా,” అన్నాడు, “నిన్న రెండింటికి పోయింది మా ఆవిడ.”