చెవిలో జోరీగ

ఆ గైడు పెట్టుబడి రెండే. ఒక గొంతు, ఒక ఎర్ర గొడుగు.

గొడుగెత్తి ముందు నడిస్తే చాలు, రేవు నుంచి గడియార స్తంభం దాకా జనం బారులు తీరి వెనకే వచ్చేవాళ్లు.

ఆ వ్యాపారానికి ఇయర్‌ఫోన్లు గండి కొట్టాయి.

రేవు దగ్గర కౌంటర్లో అద్దెకు తీసుకుని చెవుల్లో పెట్టుకుంటే, ఏ పాత భవనం ముందు ఆగాలో, ఏ మలుపు తిరగాలో ఒక గొంతు చెబుతుంది. ఎవరికి వాళ్లే నడిచి చూసుకుంటున్నారు.

ఆ గొంతంటే గైడుకు ఒళ్లు మంట. ఎంత మంటంటే, దొంగచాటుగా అద్దెకు తెచ్చుకుని విని విని మొత్తం కంఠతా పట్టేశాడు.

పోటీదారు సరుకు తెలియకుండా అంగడి నడుస్తుందా?

ఆ రోజు ఉదయమంతా కాచుకుంటే ఒకే ఒక్క పెద్దాయన దొరికాడు. నోటితో కాదు, చేత్తో అడిగాడు, నడుద్దామా అని.

పుట్టుమూగ కాబోలు అనుకున్నాడు గైడు.

"పద బాబాయ్. ఇద్దరి మాటలూ నేనే ఆడతాలే."

ఉప్పు గోదాము ముందు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న ఒక కుటుంబం ఒక్కసారిగా గొల్లున నవ్వింది.

గైడు కళ్లల్లో నిప్పులు పోసుకున్నాడు.

"చూశావా? వాడు ఈ ఏటి మొహమైనా చూసి ఉండడు. ఏ చల్లటి గదిలోనో కూర్చుని తియ్యగా కూస్తాడు, ఇక్కడ నా కడుపు కొడతాడు. ఎలా కూస్తాడో తెలుసా?"

గొంతు సవరించుకుని అందుకున్నాడు.

"‘కాస్త ఆగండి. ఈ గడప అరిగింది కాళ్ల వల్ల కాదు, కూలీల నిట్టూర్పుల వల్ల...’ అబ్బబ్బ, ఏం వేషాలు!"

పెద్దాయన ఉన్నచోటే ఆగిపోయాడు. మళ్లీ చెప్పమని సైగ చేశాడు.

వెక్కిరింపు నచ్చిందనుకుని గైడు రెచ్చిపోయాడు. పాత కోర్టు ముందు మళ్లీ మొదలెట్టాడు.

"‘ఈ కోర్టులో ఏనాడూ అబద్ధమాడనివి గోడలొక్కటే...’"

పెద్దాయన కళ్లు మూసుకుని విన్నాడు.

వంతెన మీదికి రాగానే గైడు ఛాతీ విరుచుకున్నాడు.

"వాడి సోది చాలుగానీ, ఇప్పుడు నా సొంత సరుకు విను."

పెద్దాయన వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. తన చెవి చూపించాడు, గైడు నోరు చూపించాడు.

"అంటే? నీకూ వాడి గొంతే కావాలా?"

పెద్దాయన ఆత్రంగా తలూపాడు.

"అయితే పోయి ఆ జోరీగనే చెవిలో పెట్టుకో! నా వెనక రాకు."

గైడు గొడుగు ముడిచి విసవిసా వెళ్లిపోయాడు. వెనక్కి చూడలేదు. పిలవడానికి ఆయనకు మాట లేదు.

తర్వాతి నెలలో, రేవు దగ్గర ఇయర్‌ఫోన్లు అద్దెకిచ్చే కౌంటర్ పిల్ల కేకేసింది.

"అన్నా, నీ పంట పండింది! ఇయర్‌ఫోన్లలో వచ్చే మాటలు మళ్లీ రికార్డు చేస్తున్నారు. ఈసారి గొంతు నీదేనట."

గైడుకు ఏనుగెక్కినంత సంబరం.

"వాడిని పీకేశారన్నమాట! పీడ విరగడైంది."

"అలా అనకన్నా, పాపం. గొంతుకు ఆపరేషనయింది ఆయనకి. ఇక మాట రాదట."

గైడు నవ్వు సగంలో ఆగింది.

"మరి... నా సంగతి ఎవరు చెప్పారు వాళ్లకి?"

"ఆయనే. నిన్ను విన్నాకే చెప్పాడట."

"నేనాయన్ని చూసింది లేదు, కలిసింది లేదు. నన్నెక్కడ విన్నాడు?"

ఆ పిల్ల వంతెన వైపు చూసింది.

ఏడాది పొడవునా కుళ్లుకున్నందుకు గైడుకు మిగిలింది లాభమే. ఆ లాభం తెచ్చి ఒళ్లో పోసినవాడు మాత్రం, పోయిన తన గొంతు ఇంకొకరి నోట బతుకుతుందేమో చూసుకోవడానికి వచ్చి, సగం దారిలో తిట్లు తిన్న ఆ మూగ పెద్దాయన.