గోడ అవతలి గొణుగుడు

ల్యాబు మేడమ్ చెంచా తీసుకుని గోడ మీద గట్టిగా కొట్టింది.

అవతల గొణుగుడు ఆగింది.

మేడమ్ మళ్లీ మోకరించి కళ్లు మూసుకుందో లేదో, మళ్లీ మొదలైంది. పాట కాదు, మాటా తెలియదు. మూత పెట్టిన గిన్నెలో నీళ్లు మరుగుతున్నట్టు ఒకటే రొద.

"మౌనంగా ఉందామని వస్తే ఇదేం పీడ ప్రభువా," అని మేడమ్ పైకే అనేసింది. దాంతో ఆవిడ మౌనం కూడా గంగలో కలిసింది.

ఆ ధ్యాన నిలయంలో నియమం ఒక్కటే. వచ్చినవాళ్లు ఎవరితోనూ మాట్లాడకూడదు. ఎవరి గదిలో వాళ్లు దేవుడితో ఉండాలి. ఏదైనా కావలసివస్తే పొద్దున్నే ఆఫీసు గదిలో సిస్టరుకి చెప్పుకోవచ్చు.

మేడమ్‌కి యాభై దాటాయి. రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కిటికీలోంచి తల బయటపెట్టి వచ్చినవాళ్లందరి పేర్లూ పిలవడం, సూది గుచ్చడం, సీసా మీద పేరు అంటించడం. ఆవిడ పేరుతో మాత్రం ఎవరికీ పని పడలేదు. పేషెంట్లకి మేడమ్, డాక్టరుకి ఏవమ్మా, ఇంటావిడకి పై వాటా మనిషి. పెళ్లి ఊసు ఎప్పుడో వెనకబడిపోయింది.

పేరు పెట్టి ప్రార్థన చేసే మనిషి ఒక్కతే ఉండేది, అమ్మ. అమ్మ పోయాక ఇల్లు బావురుమంది. అప్పటినుంచీ మేడమ్ ఎంత ప్రార్థించినా తనలో తను మాట్లాడుకున్నట్టే ఉంది.

అసలు తనొకతె ఉన్నట్టు పైవాడికి గుర్తుందో లేదో తేల్చుకుందామనే సెలవు పెట్టి వచ్చింది. గుర్తులేకపోతే ఇక చర్చి గడప కూడా తొక్కేది లేదని మనసులో గట్టిగా అనుకుంది.

తేల్చుకుందామంటే ఈ గొణుగుడు.

పక్కగది పెద్దావిడని చూస్తే మరీ చిరాకు. భోజనాల బల్ల దగ్గర సరిగ్గా ఎదురుగా వచ్చి కూర్చునేది. కంచంలో ఏమీ పెట్టుకునేది కాదు. మంచినీళ్లు తాగుతూ మేడమ్ వైపే చూసేది.

ఒకరోజు వరండాలో ఎదురుపడి, నియమాన్ని గాలికొదిలేసి పలకరించింది కూడా.

"నిద్ర పడుతోందా తల్లీ?"

"మీరు పట్టనిస్తేగా."

పెద్దావిడకి వినపడలేదు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ఏమిటన్నట్టు నవ్వింది. మేడమ్ మొహం తిప్పుకుని వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే పంచాయితీ సిస్టరు దగ్గరికి వెళ్లింది.

"సిస్టర్, పక్కగదావిడ గొణుగుడుతో నాకు మతిపోతోంది."

"ఆవిడకి చెవులు సరిగా వినపడవమ్మా. మనసులో అనుకుంటున్నాననుకుని పైకే అనేస్తుంది."

"ఏం అనుకున్నా దూరంగా వెళ్లి అనుకోమనండి. గది మార్చండి."

సిస్టరు ఏదో చెప్పబోయి ఆగింది.

"కాస్త ఓర్చుకోలేరా అమ్మా?"

"ఓర్చుకోడానికి నాకు ల్యాబు ఉంది సిస్టర్. ఇక్కడికి దేవుడి మాట విందామని వచ్చాను."

సిస్టరు గదుల పుస్తకం తెరిచింది. "సరేనమ్మా, మారుస్తాను," అంది.

మధ్యాహ్నం పెద్దావిడ దుప్పటి చంకన పెట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా వరండా చివరి గదికి నడిచిపోయింది. మేడమ్ కిటికీలోంచి చూసి హమ్మయ్య అనుకుంది.

ఆ హమ్మయ్య ఎంతోసేపు నిలవలేదు.

మోకరించింది. "ప్రభువా," అంది. తన గొంతు తనకే పరాయిగా వినిపించింది. తెలియకుండానే గోడకి చెవి ఆనించింది. అవతల ఏమీ లేదు. అమ్మని సమాధి చేసి వచ్చిన మర్నాడు ఇల్లు అచ్చం ఇలాగే ఉంది.

సాయంత్రం భోజనాల దగ్గర ఎదురు కుర్చీ ఖాళీగా ఉంది. మేడమ్ కంచం పక్కకి నెట్టి లేచింది. గదికి వచ్చి మంచం అంచున కూర్చుని చాలాసేపు ఏడ్చింది. ఆ గొణుగుడే నయమనిపించింది.

మర్నాడు మేడమ్ వెళ్లిపోవలసిన రోజు. సంచీ సర్దుకుని, పెద్దావిడకి ఒక మంచిమాట చెప్పి వెళ్దామని వరండా చివరికి నడిచింది. తలుపు బార్లా తెరిచి ఉంది. పరుపు చుట్టేసి ఉంది.

గబగబా ఆఫీసు గదికి వచ్చింది.

"సిస్టర్, ఆ పెద్దావిడ ఏరి?"

"నిన్న సాయంత్రం బస్సుకి వెళ్లిపోయిందమ్మా."

"నా మీద కోపం వచ్చిందా?"

"కోపమా, ఆవిడకా? తన నోటి వల్ల మీకు ఇబ్బంది అయిందని ఒకటే బాధ. ఎన్ని చెప్పినా ఉండనంది."

"ఇల్లెక్కడో చెప్పండి. వెళ్లి క్షమాపణ చెప్పుకుంటాను. ఆవిడ పేరేంటి?"

"పేరూ ఊరూ ఎవరికీ చెప్పొద్దని మా దగ్గర మాట తీసుకుందమ్మా."

"అదేం మాట సిస్టర్? మాలాగే ధ్యానానికి వచ్చిన మనిషికి అంత దాపరికం దేనికి?"

సిస్టరు లేచి వచ్చి మేడమ్ చెయ్యి పట్టుకుంది.

"వెళ్లేరోజు దాకా చెప్పకూడదన్నది మా పద్ధతి, అందుకే నిన్న నోరు కట్టేసుకున్నాను. ఆవిడ ధ్యానానికి వచ్చిన మనిషి కాదు. ఇక్కడికి ఒంటరిగా వచ్చినవాళ్ల పక్కగదిలో దిగి, వాళ్ల పేరు మా దగ్గర తెలుసుకుని, వాళ్లకోసం ఉపవాసముండి ప్రార్థన చేసి పోతుంది. గోడ అవతల మీరు విన్నదంతా మీ పేరేనమ్మా."