చెయ్యి వదలని ఆట

"ఆ రబ్బరు దుస్తులు మళ్ళీ సంచీలో పెట్టెయ్యి. ఇవాళ నువ్వు సముద్రంలోకి దిగడం లేదు" అంది మాల్సిమ్.

రాతిగోడ చాటున మంట చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళంతా తలలు తిప్పి చూశారు. బోబే మొహం మాడిపోయింది. కొరియాలోని జెజు దీవిలో, ఆ రేవులో మునిగి నత్తలు ఏరుకొచ్చే ఆడవాళ్ళకి మాల్సిమ్ పెద్ద. ఎవరు దిగాలో, ఎవరు మానాలో ఆమె మాటే మాట. మునగడం మానేసినవాళ్ళకి మంట దగ్గర చోటుండదు, ఆ చోటు ఒకసారి పోతే మళ్ళీ రాదు.

"నిన్న బండ మీద తూలావు. డాక్టరు చీటీ రాసిచ్చేదాకా ఒడ్డునే ఉండు."

"డెబ్బై దాటాక బండ మీద తూలనిదెవరక్కా? నీళ్ళలో తూలానేమో చెప్పు."

"నీళ్ళలో తూలితే చెప్పడానికి నువ్వుండవు."

పైగా, చీటీ నువ్వే రాసుకొస్తావంటూ మాల్సిమ్ తనూ బస్సెక్కింది. ముందు సీటు కడ్డీ రెండు చేతులా పట్టుకుని, మెడ తిప్పకుండా కూర్చుంది. ఈమధ్య నడుం నొప్పని గోడకి చేరబడే నిద్రపోతోందట, ఆ చిరాకంతా నా మీదే అనుకుంది బోబే.

కిటికీలోంచి నల్లరాళ్ళ ఒడ్డు కనిపించింది. చిన్నప్పుడు తల్లులు నీళ్ళలో ఉంటే ఆ ఒడ్డునే ఇద్దరూ చేతులు పట్టుకుని గిరగిరా తిరిగేవాళ్ళు. తల్లులు పైకి తేలి ఈల వేసినట్టు ఊపిరి వదిలేదాకా ఆట ఆగేది కాదు. ముందు చెయ్యి వదిలినవాళ్ళు ఓడినట్టు. మాల్సిమ్ ఒక్కసారీ ఓడలేదు. తిరిగి తిరిగి పడిపోయి, ఆకాశం తిరుగుతుంటే కడుపుబ్బ నవ్వుకునేవాళ్ళు. ఇప్పుడు అదే ఆకాశం మంచం మీద పక్కకి ఒత్తిగిల్లితే చాలు తిరుగుతోంది, నవ్వు మాత్రం రావడం లేదు.

డాక్టరమ్మ మనవరాలి వయసుది. మాట తడబడుతోందా, చెయ్యీ కాలూ లాగుతున్నాయా, వినికిడి తగ్గిందా అని అడిగింది. లేవని తేలాక బోబేని పడుకోబెట్టి, తల కుడికి తిప్పి, బల్ల అంచు కిందికి వాల్చి కళ్ళు పరీక్షించింది.

"మీ కుడి చెవి లోపల ఇసుక రేణువుల్లాంటివి చోటు తప్పాయి, మామ్మగారూ. అందుకే తల తిప్పినప్పుడల్లా తిరుగుతోంది."

"అరవై ఏళ్ళు సముద్రంలో మునిగాను, ఇసుక చేరకేం చేస్తుంది" అంది బోబే.

డాక్టరమ్మ నవ్వి, అది సముద్రపు ఇసుక కాదనీ, అందరి చెవుల్లోనూ పుట్టుకతోనే ఉంటుందనీ, మందులతో పనిలేకుండా తల తిప్పుతూ దాన్ని మళ్ళీ చోటికి చేర్చవచ్చనీ చెప్పింది. తల మళ్ళీ వాల్చేసరికి గదంతా గిర్రున తిరిగింది. బోబే గాలిలో తడుముకుంది. గరుకు చెయ్యి ఒకటి వచ్చి పట్టుకుంది.

"వదలకక్కా."

"నేనెప్పుడు వదిలాను?"

తల ఎడమకి, తర్వాత ఒళ్ళంతా పక్కకి, తర్వాత మెల్లగా పైకి. మాల్సిమ్ రెప్ప వేయకుండా చూసింది. ఎడమ చెవైతే ఎటు తిప్పుతారని అడిగింది. ఇది తగ్గితే వెల్లకిలా పడుకోవచ్చా అనీ అడిగింది. డాక్టరమ్మకే పరీక్ష పెడుతోందని బోబే సిగ్గుపడింది.

కాసేపటికి గది నిలిచింది. రేణువులు మళ్ళీ జారితే రమ్మని, వారం పాటు తల తిరక్కపోతే నీళ్ళలోకి దిగవచ్చని డాక్టరమ్మ చీటీ రాసిచ్చింది. బోబే దాన్ని మడిచి జేబులో దోపుకుని, చెప్పులు వేసుకుంది.

"పదక్కా, బస్సు వెళ్ళిపోతుంది."

మాల్సిమ్ లేచి తలుపు మూసింది. బల్ల మీద కూర్చుని, చెప్పులు విడిచి, బోబే వైపు చెయ్యి చాచింది.

"రేవులో ఎవరికీ చెప్పకే" అని, డాక్టరమ్మ వైపు తిరిగింది. "నాది ఎడమ చెవి."