రెండేళ్లు చాలు

ఇంటి కంప్యూటర్‌లో మెమరీ నిండిపోయిందంటే మెకానిక్ వచ్చాడు. ఆ ఇంట్లో ఏ మూల ఏం జరిగినా దానికి తెలుసు. అది చెబితేనే కోర్టు నమ్ముతుంది. మనిషి నోటిమాటకి విలువ పోయి చాలా కాలమైంది.

“ఎన్నేళ్లది ఉంచమంటారు?” అన్నాడు మెకానిక్.

“అంతా ఉంచండి,” అంది మణిమాల గబుక్కున. ఈ నెల కాకపోతే పై నెల కోర్టుకెళ్దామని మూడేళ్లుగా అనుకుంటూనే ఉంది.

“ఇద్దరం ఉండే ఇంటికి అంత దేనికండీ? రెండేళ్లు చాలు,” అన్నాడు ఆమె మొగుడు శేషగిరి, వంకాయలు బేరమాడినంత తేలిగ్గా. కంప్యూటర్ అతని పేరు మీదుంది.

“అదే ఎక్కువ సార్,” అంటూ మెకానిక్ పాతదంతా తుడిచేశాడు. మణిమాల టీ కప్పు ఎడంచేత్తో అందిస్తే మొహం చిట్లించి తీసుకున్నాడు.

అతను వెళ్లాక ఆమె, మణికట్టు దగ్గర వంకరగా అతుక్కున్న కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని, కంప్యూటర్‌ని అడిగింది. “ఈ చెయ్యి ఎవరు విరిచారు?”

“మీ చెయ్యి విరిగినట్టు నా దగ్గర ఎక్కడా లేదమ్మా,” అంది అది, ఎప్పట్లాగే మర్యాదగా.

“విన్నావుగా,” అన్నాడు శేషగిరి. “ఇకనైనా ఇంటికొచ్చినవాళ్లకి కుడిచేత్తో ఇవ్వడం నేర్చుకో.”