అలకకు మూడు చుక్కలు

గృహకలహాలన్నీ పాచికలతోనే తీర్చుకోవాలని లోకం తీర్మానించుకున్న ఆ ధన్యయుగంలో, సంసారక్రీడా నియమావళి అయిదవ కూర్పు తెల్లవారేసరికి వంటింటి గోడలన్నిటిమీదా వెలసింది. అలిగినవారి పందేనికి అదనంగా కలిసే మూడు చుక్కలు అందులో రద్దయ్యాయి.

తన తమ్ముడి గృహప్రవేశానికి రానన్నాడని హైమవతి భర్త భుజంగరావుతో మాట్లాడడం మానేసింది. ఇద్దరూ పాచికలు వేశారు. ఆమెకు ఏడు, ఆయనకు తొమ్మిది పడ్డాయి. పెళ్లయ్యాక ఆ సార్వభౌముడికి ఇదే తొలి దిగ్విజయం.

"గెలిచారుగా, ఇంట్లోనే ఉండండి. నేనొక్కదాన్నే వెళ్తాను," అంది హైమవతి.

భుజంగరావు గోడవంక చూశాడు, ఆమెవంక చూశాడు. "నాకు పాత కూర్పే అలవాటు. నీ మూడూ కలుపుకో, హైమా. ఓడిపోయాను, పద."

"ఆ మాట ముందే అంటే మీ సొమ్మేం పోయేది? చొక్కా ఇస్త్రీ చేసి పెట్టాను, వేసుకోండి."