కుంకుమ భరిణె

వీరరాఘవయ్య పాత దుప్పటి మీద పిస్తోలు విప్పి, ముక్కలు గబగబా రుద్దుతున్నాడు. మిలిటరీవాళ్లు వేలం వేస్తే తండ్రి కొన్నది. ఆయన విప్పుతుంటే చూడటమేగానీ, తను విప్పడం ఇదే మొదలు.

"మళ్లీ దీంతో పనేంటండీ?" అంది భార్య సుశీల.

"తమ్ముడు లంక పొలంలో గట్టు మళ్లీ చెక్కేశాడు. బెదిరించొద్దా?"

నిరుడూ ఊళ్లో అదే చెప్పాడు, బెదిరించానని. తమ్ముడికి గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కిన సంగతి చెప్పలేదు. తుప్పు పట్టి పేలలేదనుకున్నాడు.

మిగతా ముక్కలన్నీ ఉన్నాయి. తూటాను పేల్చే సూది లేదు. దుప్పటి దులిపాడు, మంచం కింద తడిమాడు.

సుశీల దేవుడి గూట్లోంచి కుంకుమ భరిణె తెచ్చి మూత తీసింది. ఏటా దసరాకి పిస్తోలుకి బొట్టు పెట్టేది అందులోంచే. కుంకుమలో సూది ఉంది.

"పిస్తోలు మీకిచ్చిన రోజే మామయ్యగారు ఇది తీసి నాకిచ్చారు. వాడి కోపం నీకు తెలీదమ్మా, దాచమన్నారు. మీరు ఊరికే బెదిరిస్తారంతేనని నాకు తెలుసుగా! పెద్దాయన మాట కాదనలేక దాచాను. ఇదిగో, తీసుకోండి."

వీరరాఘవయ్య చూపుడువేలిని పిడికిట్లో దాచుకున్నాడు.

"వద్దు. మూత గట్టిగా పెట్టు."